తగిలిందా, లేదా

నేను ఒక షరతును. ఇనుమును కాను, చెక్కను కాను. బొబ్బిలిలో, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన పట్నాయక్ మాస్టారు సరదా కొద్దీ వరండాలో కట్టుకున్న చెక్కడం యంత్రానికి, కంప్యూటర్లో రాసిపెట్టిన రెండు వరసల ఆజ్ఞను. 'ఉలి బిళ్లకు తగిలితే ఆగు. తగలకపోతే ఇంకా దిగు.' అంతే నేను.

చెక్క మీద తీగ కట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి పెడతారు. ఉలి దిగివచ్చి దాన్ని తాకగానే తీగలో కరెంటు పారి నాకు కబురు వస్తుంది. చెక్క ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. ఆ తరవాతే చెక్కడం.

మొదట్లో నాకు గర్వం ఉండేది. పక్కింటివాళ్లు "భోంచేశారా?" అని అడిగితే, మాస్టారు తినకపోయినా "ఆఁ" అనేవారు. మనుషుల జవాబులు ఇంతే కదా అనుకునేవాణ్ని. నాకు అవును, కాదు రెండే.

దసరానాడు వీణలు చేసే సింహాద్రి, ఎనిమిదేళ్లు నీడన ఆరబెట్టిన పనస పలక మోసుకొచ్చాడు. మనవరాలు పైడితల్లి కోసం చేస్తున్న వీణకు పైమూత అది.

"సెయ్యి వణుకుతంది బావూ. మీ మిసినీ సేత దీని మీద ఒక్క పువ్వు సెక్కించండి. ఇది పోతే నా కాడ ఇంకో పలక లేదు."

పనిముట్టు కనిపిస్తే బొట్టు పెట్టకుండా ఉండలేడాయన. మోటారుకూ పట్టాలకూ పెట్టి, చివరికి ఆ ఇత్తడి బిళ్లకూ దట్టంగా గంధం పూశాడు. తెల్లారేసరికి అది పెచ్చులా ఎండింది.

మర్నాడు ఉలి దిగింది. ఇత్తడిని కాదు, ఎండిన గంధాన్ని తాకింది. నాకు కబురు రాలేదు. రాలేదంటే తగలలేదనే నా లెక్క. ఇంకా దిగమన్నాను. బిళ్ల పక్కకు జారింది, ఉలి పలకను పొడిచి అవతలికి తేలింది. మాస్టారు ప్లగ్గు లాగేదాకా నేను దిగు, దిగు అంటూనే ఉన్నాను.

తగలకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. ఆ తేడా నాకు ఒక ముసలాయన ఆఖరి పలక ఖర్చుతో తెలిసింది. ఈ మాట ఇప్పటికీ తలెత్తి చెప్పలేను.

"తప్పు నాది సింహాద్రీ. కబురు రాకపోతే ఎక్కడ ఆగాలో రాయలేదు" అన్నారు మాస్టారు.

సింహాద్రి ఆ బొక్కలో వేలు పెట్టి అంచులు తడిమాడు.

"గందం రాసి దాని నోరు మూసింది నాను. పాపం, అదేటి సేస్తాది?"

ఆ వణికే చేతులతోనే మూడు రోజులు కూర్చుని, పనస ముక్కతో బొక్క పూడ్చాడు. పువ్వు ఉండాల్సిన చోట రూపాయంత మాసిక మిగిలింది. "పువ్వు లేకపోతే పలకదేటి?" అని పైడితల్లికి ఇచ్చేశాడు.

మాస్టారు నాకు మూడో వరస చేర్చారు: 'ఇంత దిగినా కబురు రాకపోతే, ఆగి మనిషిని పిలు.'

మరుసటి దసరాకు సింహాద్రి, చేతి అలవాటున, మళ్లీ బిళ్లకే గంధం పూశాడు. మర్నాడు ఉలి దానికి ఆనింది. కబురు లేదు. సిగ్గుతో చితికిపోతూ ఆగాను. తెలియడం లేదని మొదటిసారి చెప్పాను.

"సూసేరా, పిలస్తంది!" అంటూ సింహాద్రి నవ్వి, తువ్వాలుతో బిళ్ల తుడిచాడు.

నన్ను ఎవరూ తిట్టలేదు.