దక్షిణపు గోడ

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. అల్లవరంలో గంగాధరరావుగారిది ఎప్పుడూ ఆ రెండో దారే. కేరళలో పడవ ఇళ్ళు చూసొచ్చిన దగ్గర్నుంచి ఆయనకు నిద్ర లేదు. పాత ఇసుక పడవ ఒకటి కొని, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉత్తరం మొహంగా కట్టించి, లోపల గదులు చెయ్యడానికి వడ్రంగి తాతబ్బాయిని మాట్లాడారు. అంతవరకూ బాగానే ఉంది. వడ్రంగికంటే ముందు వాస్తు సిద్ధాంతిని పిలిచారు, అక్కడే వచ్చింది తంటా.

సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని పడవంతా కలియదిరిగి, వంటగది ఆగ్నేయంలో, అంటే పడవ వెనక కొసన ఉండాలన్నాడు. గంగాధరరావుగారి భార్య భవానీదేవికి ప్రాణం లేచొచ్చింది. వచ్చే టూరిస్టులకు వండిపెట్టే పని ఆవిడదే. కాపురానికొచ్చిన నాటి నుంచి గోడకేసి చూస్తూ వండిన మనిషి. పొయ్యి ముందు నిలబడి ఏరు చూడొచ్చన్న ఒక్క ఆశతోనే ఈ పిచ్చికి సరేనంది.

"వెనక వైపు కిటికీ పెట్టు తాతబ్బాయీ," అంది.

"అమ్మమ్మా! అది దక్షిణం, యమస్థానం. కన్నమన్నది ఉండకూడదు," అన్నాడు సిద్ధాంతి. "ఉత్తరమైతే మూయకూడదు. కుబేరుడి దిక్కు. మూస్తే డబ్బు రాదు."

"నీళ్ళమీద తేలేదానికి దక్షిణమేంటండీ?"

"శాస్త్రం సంగతి నీకేం తెలుసు? నువ్వు వంట చూసుకో," అన్నారు గంగాధరరావుగారు.

ముహూర్తం చూసి రొయ్యల చెరువు తవ్వించి, రొయ్యలన్నీ చచ్చాక కూడా ముహూర్తం మాత్రం దివ్యంగా కుదిరిందని చెప్పుకున్న పెద్దమనిషి ఆయన. ఇంకేం చెబుతాం? తాతబ్బాయి "ఆయ్, మీ ఇష్టమండి" అని, కింది నుంచి పైకప్పు దాకా చీమ దూరే సందు లేకుండా వంటగది వెనక ప్లైవుడ్ అడ్డగోడ బిగించేశాడు. భవానీదేవికి ఒళ్ళు మండిపోయింది.

ప్రారంభం నాడు సిద్ధాంతితో, తాతబ్బాయితో పాటు చుట్టాలనందరినీ ఎక్కించుకుని, ఏటి మధ్యకెళ్ళి లంగరు వేశారు. భవానీదేవి ఆ పెట్టెలాంటి గదిలో చెమటలు కక్కుతూ పనసపొట్టు కూర వండుతోంది. అంతలో సముద్రం పోటు మొదలైంది. పోటొస్తే ఏరు వెనక్కి పారుతుందనీ, ముక్కుకు లంగరేసిన పడవ వెనుదిరుగుతుందనీ కోనసీమలో పసిపిల్లకైనా తెలుసు. గంగాధరరావుగారికీ తెలుసు, శాస్త్రం ముందు గుర్తు రాలేదంతే. పడవ మెల్లగా తిరిగి దక్షిణం మొహం పెట్టింది.

భవానీదేవి గరిటెతో బయటికొచ్చింది.

"సిద్ధాంతిగారూ, మీ దిక్సూచి ఓసారి తియ్యండి. నా వంటగది గోడ ఇప్పుడు ఏ దిక్కండీ?"

సిద్ధాంతి చూశాడు. మళ్ళీ చూశాడు. "ఉత్తరం," అన్నాడు గొంతులోనే.

"కుబేరుడి దిక్కు మూసేసేరు కదండీ! డబ్బెలా వస్తుంది?"

చుట్టాలు నవ్వు ఆపుకోలేకపోయారు.

"పోటు తీస్తే మళ్ళీ దక్షిణమే అవుతుందే!" అన్నారు గంగాధరరావుగారు.

"ఇప్పుడు కిటికీ కోయిద్దాం, అప్పుడు ఆ చెక్కే అడ్డం పెడతానండీ. తాతబ్బాయీ, రంపం ఉందా?"

"ఆయ్, ఉందండి."

గంగాధరరావుగారు సిద్ధాంతి వైపు చూశారు. సిద్ధాంతి ఏటి వైపు చూశాడు. యముడినైనా ఎదిరిస్తారేమో గానీ, కుబేరుడిని కాదనే మగాడు ఆ పడవలో ఒక్కడూ లేడు.

చెక్క ఊడిపడగానే ఏటి గాలి వంటగదిలోకి కొట్టింది. భవానీదేవి నీళ్ళకేసి చూస్తూ కూరలో ఆవ కలిపింది.

సాయంత్రం పోటు తీసి పడవ మళ్ళీ ఉత్తరానికి తిరిగింది.

"భవానీ, ఆ చెక్క అడ్డం పెట్టు!" గంగాధరరావుగారు ముందు నుంచి కేకేశారు.

"చేతులు ఖాళీ లేవండీ," అంది ఆవిడ, కిటికీ మీద రెండు మోచేతులూ ఆనించుకుని.