పెరుగు చక్కెర

ఎస్.ఆర్. నగర్‌లో మా లేడీస్ హాస్టల్‌కి ఒక ఆచారం ఉంది. ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్ల వంటింటి గుమ్మం దగ్గర ఆగి నోరు తెరవాలి. వంట చేసే వజ్రమ్మ చెంచాడు పెరుగు చక్కెర పెట్టి, ఆ పిల్ల పేరు చెప్పి మొక్కాలి. ఆ రోజు మాత్రం నేను పిల్లిలా జారుకోబోయాను. ఎందుకంటే ఆ ఇంటర్వ్యూ నాది కాదు.

"ఏం బిడ్డా, గట్లనే పోతున్నవ్? ఇంటర్వ్యూ గదా?"

"ఫోన్లోలే వజ్రమ్మా."

"ఫోన్ల అయితే నోరు తీపి గావద్దా? తెరువ్! ఎల్లమ్మ తల్లీ, మా హైందవికి నౌకరి రావాలె."

మింగాను. అమీర్‌పేట దాకా ఆ తీపి నా నోట్లోంచి పోలేదు.

జావా నాకు కొట్టిన పిండి. అది చూసి మా కోచింగ్ సెంటర్ కృష్ణమోహన్ గారు బేరం పెట్టాడు. ఫోన్ ఇంటర్వ్యూలో మా బ్యాచ్ సుష్మిత పేరుతో నేను మాట్లాడాలి, వచ్చే వారం నన్ను తన స్నేహితుడి కంపెనీలో చేరుస్తాడు. దీన్ని ఇక్కడ ప్రాక్సీ అంటారు. మోసం అని మాత్రం ఎవరూ అనరు! నేనూ సరేనన్నాను. ఈ నెలాఖరుకి ఉద్యోగం రాకపోతే ఏలూరు వెళ్ళి అన్నయ్య జిరాక్స్ షాపులో కూర్చోవాలి మరి.

సెంటర్లోని అద్దాల గదిలో సుష్మిత గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"సార్, నేను మాట్లాడను," అన్నాను.

"ఇప్పుడా చెప్పేది? నలుగురితో నారాయణ అనాలమ్మా! ఈ బిల్డింగులో ఎవరు చెయ్యట్లేదు?"

"అంటాను సార్, నా పేరుతో అంటాను. పొద్దున వజ్రమ్మ నా పేరు చెప్పి మొక్కింది. సాయంత్రం ఆవిడ ముందు కంచం పట్టుకుని ఎలా నిలబడను?"

"వంటమనిషి కోసం ఉద్యోగం వదులుకుంటావా?"

ఒళ్ళు మండిపోయింది. "వదులుకుంటా! ఏం, వంటమనిషి మనిషి కాదా?"

అంతలో ఫోన్ మోగింది. ఆయన కళ్ళెర్రజేసి దాన్ని నా చేతిలో కుక్కాడు.

"సుష్మిత గారేనా?" అంది అవతలి గొంతు.

"కాదండీ. సుష్మిత పక్కనే ఉంది, ఇస్తున్నాను."

ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. అయినా ఫోన్ తీసుకుని, తడబడుతూనే "హలో" అంది. కృష్ణమోహన్ గారు నాకు తలుపు చూపించాడు. మళ్ళీ ఈ మెట్లెక్కితే ఊరుకోనన్నాడు. ఎక్కేదెవరు?

భయమేసింది, అబద్ధం ఎందుకు? అయినా ఆ భయంతోనే పంజాగుట్ట దాకా నడిచాను. బోర్డు కనిపించిన ప్రతి ఆఫీసులోనూ రెజ్యూమే ఇచ్చాను. "ఎక్స్‌పీరియెన్స్?" అంటే "లేదండీ" అన్నాను. కొందరు నవ్వారు. నవ్వుకోనీ!

సాయంత్రం వజ్రమ్మ అడిగింది. "ఏమాయె బిడ్డా?"

ఏదీ దాచకుండా చెప్పేశాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"గట్లయితే పొద్దుగాల పెట్టింది ఇంక ఖర్చు గాలే. రేపు సుత పోతవా?"

"పోతాను."

"అయితే ఇయ్యాల పాలు జర ఎక్కువ తోడుపెడ్త."