కాలవ అవతలి పొగ

మలయాళ శకం వెయ్యిన్నీ తొంభై తొమ్మిది వరద వచ్చిన ఏడే కదా అది, అవును, ఇళ్ళ గోడల మీద బురద చార ఇంకా పోలేదు, పైలి చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నాడు, పెదాలు ప్రార్థన చెబుతున్నాయి గానీ మనసు ఇంట్లో బియ్యం కుండలో ఉంది, పొద్దున్నే కొబ్బరి ఈనె దించి చూశాడు, నాలుగు వేళ్ళ మేర, అంటే పందొమ్మిది రోజులు, పెళ్ళాం ఏలి మటుకు అందులోంచే రోజుకో గుప్పెడు తీసి చర్చికని పెట్టిన ముంతలో వేస్తుంది, కుండలోకి తొంగి కూడా చూడదు, పిచ్చిది, దేవుడికి మన గుప్పెడే తక్కువైందా అంటే, ఆయనేం కొలుచుకోవడం లేదు, కొలిచేది మీరు అంది, నలభై ఏళ్ళ కాపురంలో దీనికి నోరొక్కటే పెరిగింది.

ముందు వరసలో కురువిళ వీపు, కాలవ అవతలి గట్టు వాడు, ఆ వీపు చూస్తేనే ఒళ్ళు మంట, ఎత్తు మీద ఇల్లు కట్టుకున్నాడు గనక వాడికి నీళ్ళు చీలమండల దాకానే, ఇక్కడ రొమ్ముల దాకా, దేవుడేదో వాడి అరుగు చూసి నీళ్ళు ఆపినట్టు మొక్కు కూడా చెల్లించాడు సిగ్గులేని వెధవ, విత్తనం వాడికీ ఒక బస్తా నాకూ ఒక బస్తా, పొలాల్లో నీళ్ళు తోడేశారు, వృశ్చిక మాసం సగమైపోయింది, ఈ వారం చల్లకపోతే ఈ ఏటికి పంట లేదు, చల్లాక పొలం గట్టు తెగి మళ్ళీ నీళ్ళు కమ్మాయా, దంచుకు తినడానికి ఆ వడ్లూ ఉండవు, ముందు వాడు చల్లనీ, వాడు నిలబడితే అప్పుడు చూద్దాం, మొన్నటి నుంచి వాడి ఇంట రెండు పూటలా పొగ లేస్తోంది, ఎక్కడో దాచాడు దొంగ.

ప్రార్థన అయ్యాక మెట్ల దగ్గర కురువిళే పక్కకి లాగాడు, అన్న వరస కలిపి పైలి చేట్టా, విత్తనం ఎప్పుడు నానేస్తావు అన్నాడు, నీకెందుకు అన్నాడు పైలి, ఎందుకేమిటి, నువ్వు చల్లితే చూసి చల్లుదామని కూర్చున్నా, వదిన రోజూ గుప్పెడు తీయగలుగుతోందంటే మీ కుండ నిండుగానే ఉంది, మా ఆవిడ మానేసి పది రోజులైంది, మరి రెండో పూట పొగో అన్నాడు పైలి, అదా, నువ్వు చూస్తావని ఉత్త నీళ్ళు కాస్తోంది.

ఛీ, ఏం మొహం అది, కళ్ళు గుంటలు పడి, పక్కవాడి కుండలోకి తొంగి తొంగి మెడ సాగిపోయి, వీడా నాకు పోటీ, పైలి పడవెక్కి తెడ్డు వేస్తూ తిడుతూనే ఉన్నాడు, పొగ లెక్కపెట్టే వెధవ, ఈనెకీ పొగకీ మొక్కే వెధవ, కాలవ మధ్యకి వచ్చేసరికి తిట్టు నోట్లోనే ఆగిపోయింది, ఈనె వాడిది కాదే, తనది, ఆ మొహమూ తనదే, ఇద్దరు ముసలాళ్ళు ఒకరి పొగ ఒకరు చూసుకుంటూ కూర్చుంటే వరద మోసుకొచ్చిన అంత మంచి ఒండ్రు రెండు గట్లా బీటలు వారుతోంది, ఇంట్లో దేవుణ్ణి నమ్మినది ఏలి ఒక్కతే, తను ఇన్నేళ్ళూ చర్చికి వచ్చింది ఆయన పక్కవాడికి ఎంత ఇచ్చాడో చూసిపోవడానికి.

మర్నాడు తెల్లవారుతూనే విత్తనం బస్తా భుజాన వేసుకుని కాలవలోకి దిగి నానవేశాడు.