తిట్టుపద్యం, బొబ్బలు

పాత ఐరిష్‌లో తిట్టుపద్యం చదివితే తిట్లు తిన్నవాడి ముఖాన బొబ్బలు లేస్తాయనీ, ఆపై వాడు చస్తాడనీ ఐర్లండ్‌లోని మా విశ్వవిద్యాలయంలో అందరూ నమ్ముతారు. లోర్కన్ పబ్బులో తోటి విద్యార్థి కార్మక్ మీద అలాంటి పద్యం చదివాడు. మర్నాడు కార్మక్ బుగ్గ నిండా బొబ్బలు లేచాయి.

"వెనక్కి తీసుకోరా! నాకు చావాలని లేదు!" అంటూ కార్మక్ నేను పాఠం చెబుతున్న తరగతిలోనే అతణ్ణి గోడకేసి కొట్టాడు.

"చదివింది వెనక్కెలా తీసుకుంటార్రా, బొబ్బల మొహమా?" అని లోర్కన్ నెత్తురు ఉమ్ముతూ నవ్వాడు.

కార్మక్ కుర్చీ ఎత్తి బాదాడు. నేను విడదీసేసరికి లోర్కన్ ఎడమకన్ను చితికిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు ఆ బొబ్బలు చూసి కార్మక్‌ను ఆరా తీశాడు. పద్యానికి ముందురోజే అతడు నదీతీరాన పిచ్చిమొక్కలు నరికాడు. ఆ మొక్కల రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే ఎవరికైనా బొబ్బలు లేస్తాయి.