సగం చేప

ఆ ఆదివారం శివాని చిన్నాయన ఇంట్లో ఉన్నది వీళ్లు: గంటె పెడితే ముక్క విరుగుతుందని చేపల పులుసు గిన్నెనే పట్టి తిప్పుతున్న నాయనమ్మ కాశమ్మ, మంచం మీద గురక పెడుతున్న చిన్నాయన పరమేష్, చాప మీద కత్తెర కోసం కొట్లాడుకుంటున్న వాడకట్టు పిల్లలు ఐలేష్, కిష్టా, తిరుమల, వాళ్ల మధ్యలో గొంతు పెగలని శివాని, అందరికంటే శ్రద్ధగా కూర్చున్న పిల్లి. చిన్నమ్మ మహేశ్వరంలో పుట్టింటికి పోయింది కాబట్టి లెక్కలోకి రాదు.

శివాని పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. ఎండాకాలం సెలవుల్లో బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే పని ఆమెకు కావాలి. ఎంత కావాలంటే, డైరీలో నాలుగు పేజీలు దాని గురించే రాసుకుంది. నోటితో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చివరికి సునంద టీచరే కనిపెట్టి అడిగింది.

"నీకు లెక్కలొస్తయి శివానీ, గొంతే రాదు. ఆదివారం పన్నెండింటికి వస్త. ముగ్గురు పిల్లలకు పటచిత్రం చదువుడు నేర్పి చూపియ్యి. వాళ్లు చదివితే పని నీదే. లేకుంటే కందుకూరు పిల్లను పిలుస్త."

పటచిత్రమంటే అంకెలకు బదులు బొమ్మలు పెట్టి లెక్క చూపించడం. శివాని వాళ్ల ఇంట్లో నలుగురు కూర్చునే చోటు లేదు. పక్కనే ఉన్న చిన్నాయన ముందుగదిని ఫ్యానుతో సహా అడిగి తీసుకుంది. అడగడానికి కూడా అమ్మను పంపింది.

లెక్క ఆమే ఆలోచించింది. పది రోజుల్లో చెరువుకు ఎవరు ఎన్ని రోజులు పోయారు? పిల్లలు రోజూ పొద్దున్నే వీధి మలుపులో కూర్చుని, వల భుజాన వేసుకుని చెరువు వైపు పోయిన వాళ్లకు గీతలు పెట్టారు. తిరుమలకు ఇంకా అక్షరాలు రావు కాబట్టి అట్ట మీద పేర్లకు బదులు మొహాలు గీశారు. శివాని బాపు బాలేష్‌కు తలపాగా, ఎదురింటి సాయన్నకు బోడిగుండు, పరమేష్‌కు మీసం. ఇక పాత పెళ్లి పత్రికలు కత్తిరించి చేపలు చేసి అతికించడమే మిగిలింది.

"ఒక్క చేప అంటే రెండు రోజులు," అంది శివాని, ఎక్కువగా పిల్లి వైపు చూస్తూ.

"గదెట్లక్కా? ఒక్క చేపంటే ఒక్క చేపే," అన్నాడు ఐలేష్.

"ఏం చేప? రవ్వనా, బొచ్చెనా?" అన్నాడు కిష్టా.

"ఏదైతేంది, గది గుర్తు."

"గుర్తుకు ముల్లుంటదా?" అంది తిరుమల.

బాలేష్ లావుగా ఉంటాడని ఐలేష్ మూరెడు చేప కత్తిరించాడు. సాయన్న బక్కమనిషని వేలెడంత చేప. "మనిషి లావుతోటి పని లేదురా. అన్ని చేపలు ఒక్క తీరుగుండాలె. ఎన్ని ఉన్నయో సూడాలె గని ఎంత పెద్దగున్నయో కాదు," అని నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. బాలేష్‌కు నాలుగు చేపలు, సాయన్నకు మూడు.

"ఒక్కరోజే పోతె?" అన్నాడు కిష్టా.

"సగం చేప పెట్టాలె."

అక్కడ యుద్ధం మొదలైంది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేప తెచ్చినవాడికే పులుసులో తలకాయ, తోక ఎవరికైనా సరే. అందుకని పిల్లలకు సగమంటే సగం కాదు.

"తలకాయ దిక్కు సగమా, తోక దిక్కు సగమా?"

"ఏ సగమైనా సగమే."

"నీ పల్లెంల తోకేస్తె తెలుస్తది," అన్నాడు ఐలేష్. "మీ చిన్నాయన దినాం తలకాయే తింటడు గద, తలకాయ దిక్కే పెడదాం."

అతికించాక గానీ శివాని ఉలిక్కిపడలేదు. "చిన్నాయనకు సగమేంది? దినాం వలేసుకుని పోతడు గద?"

"పోతడు, బస్టాండ్ దిక్కు. ఆడ బండి మీద చేపలు కొని వలలేసుకొస్తడు. చెరువు దిక్కు పోయింది ఒక్కదినమే. చెరువుకు పోతేనే గీత పెట్టుమన్నవ్ గద?" అన్నాడు ఐలేష్.

అప్పుడే సునంద టీచర్ గడప దాటి లోపలికి వచ్చింది.

టీచర్ వేలు పెట్టి చూపిస్తే పిల్లలు ముగ్గురూ ఒక్క గొంతుతో చదివారు. "బాలేష్ కాక నాలుగు చేపలు, ఎనిమిది దినాలు! సాయన్న తాత మూడు చేపలు, ఆరు దినాలు! పరమేష్ కాక సగం చేప, ఒక్కదినం!"

మంచం మీద గురక ఆగిపోయింది.

"ఒక్కదినమేంది?" పరమేష్ లేచి కూర్చున్నాడు. "నేను దినాం పోతున్న. పోరగాళ్లు తప్పు సదివిండ్రు టీచర్. చెప్పు బిడ్డా శివానీ, తప్పే గద?" అంటూ కళ్లతో సైగ చేశాడు.

"తప్పు చదివిండ్రా శివానీ?" అంది టీచర్.

తప్పంటే పని కందుకూరుకు పోతుంది. ఒప్పంటే ఈ గది, ఫ్యాను, చిన్నాయనతో మాటలు, మూడూ పోతాయి. శివాని పిల్లి వైపు చూసింది. అది మొహం తిప్పుకుంది.

"సక్కగనే చదివిండ్రు!"

ఆ గొంతుకు పిల్లి మంచం కిందికి దూరింది. అంత గొంతు తనకుందని శివానికే తెలియదు.

కాశమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి అట్ట ముందు నిలబడింది. "నాకు అచ్చరం రాదు గని చేప రాదా? గీ తలపాగ నా పెద్దోడు, నాలుగు. గీ బోడిగుండు సాయన్న, మూడు. గీ మీసం..." అని సగం చేప మీద వేలు పెట్టి కొడుకు వైపు తిరిగింది. "అందుకేనారా, చేపలు మంచుగడ్డ లెక్క సల్లగుంటున్నయి? గింత ఎండల గూడ చెరువు సల్లగున్నదని మురిసిన! ఒక్కదినం పోయి పది తలకాయలు మింగినవా?"

"పది కాదవ్వా," ఐలేష్ సరిదిద్దాడు. "బొమ్మల ఒక్కటే తలకాయున్నది."

టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సోమవారం తొమ్మిదింటికి బడికి రా శివానీ," అని గబగబా వెళ్లిపోయింది. పిల్లలు ఆమె వెంట పరుగెత్తారు.

కాశమ్మ పులుసులోంచి తలకాయ తీసి గిన్నెలో వేసి శివాని చేతిలో పెట్టింది. "ఇయ్యాల పట్టింది నువ్వే. తిను."

పరమేష్ అట్టను, కత్తెరను, చాపను ఒక్కొక్కటిగా తెచ్చి గడప బయట పెట్టాడు. వాటి వెనకే శివాని కూడా బయటికి వచ్చింది. అతను ఒకసారి గిన్నెలోకి చూసి, ఒకసారి ఆమె మొహంలోకి చూసి, ధడేలున తలుపు మూశాడు.