మీరినా అనే రాయన్నా

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆషాఢ అమావాస్య నాడు ఎమ్మిగనూరు నేతవీధిలో హులిగెమ్మ మగ్గం ఆడింది. అమావాస్యకు మగ్గం ముట్టరాదని ఆ వీధి కట్టు. పొద్దున చప్పుడు విన్నవాళ్లంతా సాయంత్రం బసప్ప అరుగు దగ్గర చేరారు.

వీధికి పెద్ద బసప్ప. కట్టు పుస్తకమూ కలమూ ఆయన దగ్గరే ఉంటాయి. మరిచిపోయి చేస్తే ‘తప్పింది’ అని రాస్తారు, ఒక టెంకాయ కొట్టి పోవచ్చు. తెలిసి చేస్తే ‘మీరింది’ అని రాస్తారు. అప్పుడు మగ్గం పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె తెచ్చి నెల రోజులు బసప్ప ఇంట్లో పెట్టాలి. నాడె లేని మగ్గం ఎద్దుల్లేని బండి. మొగుడు పోయిన హులిగెమ్మకు ఆ మగ్గమే కూడు పెడుతోంది.

అందుకే బసప్ప దారి చూపించాడు. “ఈపొద్దు అమాస అని మతికి లేనట్లుంది గదమ్మా నీకు.”

“యాల లేదన్నా? తెల్లారే వాకిట్లో గుమ్మడికాయ కట్టినా.”

హులిగెమ్మ పక్కింటి భీమప్ప తల పట్టుకున్నాడు. “ఊ అనమ్మా తల్లీ. టెంకాయ నేనిస్తా.”

“టెంకాయకు కాదప్పా. రేపు ఆదోని గఫూర్ సాబ్ బిడ్డ నిఖా. వానకు నూలు తడిసి సీర ఎనకబడె. మధ్యాన్నం బస్సుకు పంపినా. మాట తప్పగూడదనే కట్టు మీరినా. ఇప్పుడు తప్పిందని యెట్ల రాస్తారు?”

“రెండూ ఒకటే గదా,” అన్నాడు భీమప్ప.

“ఒకటేనా? అడుగు తప్పి నా దొడ్లో పడితే తప్పినావంటారు. గోడెక్కి దూకి సొరకాయ కోస్తే?”

భీమప్పకు దగ్గు వచ్చింది. అరుగంతా నవ్వింది.

“ఈ అమాసకు మరిచినా అంటే, ఇంగోసారి అవసరం పడితే మళ్లా మరవాల్నా? మతి సెడిందంటారు. మీరినా అనే రాయన్నా.”

బసప్ప కలం సిరాలో ముంచాడు. తలుపు చాటునుంచి భార్య బసమ్మ గొంతు వినిపించింది. “ఉరుకుంద తిరునాళ్లకు నా సీర రేపు ఆ మగ్గమే ఎక్కాల. జెర సూసి రాయి.”

కలం ఆగింది. వీధంతా చూస్తోంది. ‘మీరింది’ అని రాశాడు బసప్ప. హులిగెమ్మ నాడె తెచ్చి గడప మీద పెట్టింది. తల వంచలేదు గానీ, పోయేటప్పుడు నడక మెల్లగా సాగింది.

మరునాడు పొద్దున బసప్ప బొరుగుల ఉగ్గాని కోసం కూర్చున్నాడు. పొయ్యి రాజలేదు. గూట్లో నాడె లేదు. వీధి చివర హులిగెమ్మ మగ్గం టకటకమంటోంది. బసమ్మ కొంగు దులుపుకుంటూ ఇంట్లోకి వచ్చింది.

“నాడె యాడికి పోయె?”

“ఇచ్చొస్తి.”

“మతి లేక ఇచ్చినావా?” బసప్ప ఆశగా అడిగాడు.

“మతుండే ఇచ్చినా. రాసుకో.”

బసప్ప పుస్తకం తెరిచాడు. కలం తీశాడు. చల్లటి పొయ్యి వైపు ఒకసారి చూశాడు. పుస్తకం మూసేసి, “బొరుగులు నానేసినావా?” అని అడిగాడు.