రుచిత పేరు మీద నడిచిన పెట్టెలు

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా ప్యాకింగ్ చేస్తున్న నర్సింహకు కంప్యూటర్ గురించి తెలిసింది ఒక్కటే: లేచి పోయేటప్పుడు లాగవుట్ కొట్టాలి. ఒకసారి కొట్టకుండా టీకి పోతే, ఎవరో ఆయన పేరు మీద తప్పు నెంబరు ఎక్కించారు. మెమో ఆయనకొచ్చింది.

ఆ వారం ఇంజినీరు రుచిత లైన్ పక్కన రెండు కంప్యూటర్లు పెట్టింది. రెండూ లేబుళ్లు సరిచూసేవే. ఒకదాంట్లో డాకర్ అనే సాఫ్ట్‌వేర్, ఇంకోదాంట్లో పోడ్‌మ్యాన్ అనేది. ఏది నిలబడితే అదే ఫ్యాక్టరీ అంతటా పెడతారు.

"ఏంది బిడ్డా తేడా?"

"ప్రోగ్రాముకు కావలసిన సామానంతా పెట్టెల కట్టి నడిపిస్తయి కాకా, రెండూ. డాకర్‌ల పెట్టెలన్నిటి మీద ఒక సూపర్‌వైజర్ ఉంటడు. మిషన్ తాళాలన్నీ ఆయన దగ్గరనే. ఆయన పడితే పెట్టెలు కూడ ఆగుతయి. పోడ్‌మ్యాన్‌ల సూపర్‌వైజరే లేడు. పెట్టెలు నా పేరు మీదనే నడుస్తయి."

"సూపర్‌వైజర్ లేని లైనా? నా సర్వీసుల సూడలే!"

రుచిత పకపకా నవ్వింది.

మధ్యాహ్నం ఆమె క్యాంటీన్‌కు వెళ్లింది. పోడ్‌మ్యాన్ కంప్యూటర్ మీద ఆమె పేరుతో లాగిన్ తెరిచే ఉంది. పిల్లకు కూడా మెమో వస్తుందేమోనని, నర్సింహ అటూ ఇటూ చూసి లాగవుట్ కొట్టాడు. మంచి పని చేశాననుకున్నాడు.

ఆమె తిరిగొచ్చేసరికి లేబుళ్ల పరీక్ష ఆగిపోయి ఉంది. మేనేజర్ నవీన్‌కుమార్ అప్పటికే అక్కడ నిలబడ్డాడు.

"నువ్వు అన్నం తినొచ్చేలోపట్నే సచ్చింది నీ పోడ్‌మ్యాన్. డాకర్ చూడు, నడుస్తనే ఉన్నది. రిపోర్టుల అదే రాయి."

"ఎందుకాగిందో తెలుస్తలేదు సార్."

"మూడు నెలలు ఆఫీసుల కూసొని పరీక్షలు చేసింది గిదేనా?"

రుచిత తల దించుకుంది.

'పెట్టెలు నా పేరు మీదనే నడుస్తయి' అని రుచిత అన్న మాట నర్సింహకు అప్పుడు గుర్తొచ్చింది. టేపు అతికించిన డబ్బాకే మళ్లీ టేపు అతికించాడు. ఆ పిల్ల ఇంకా తలెత్తలేదు. టేపు పక్కన పెట్టాడు.

"నేనే కొట్టిన. లాగవుట్."

"అయ్యో కాకా!" రుచిత నెత్తి కొట్టుకుంది. "మనిషి బయటికి పోయినా పెట్టెలు నడవాలంటే ఒక సెట్టింగ్ పెట్టాలె. నేనే మరిచిన."

"ముప్పై ఏండ్ల సంది చేస్తున్నవ్. పక్కోళ్ల కంప్యూటర్ ముట్టొద్దని తెల్వదా?" అన్నాడు నవీన్‌కుమార్.

నర్సింహ తల దించుకున్నాడు.

మేనేజర్ పోయాక రుచిత మెల్లగా, "రిపోర్టుల ఎవరో లాగవుట్ చేసిండ్రని రాస్త కాకా" అంది.

"ఎవరో కాదు. నా పేరు రాయి."

రాసేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. తల మాత్రం ఎత్తలేదు.